మూడోసారీ పడలేదు

రాత్రి రెండున్నరకి హార్బరులో బోటు కూస్తుంది.
అప్పటికే పోలేశ్వరి లేచి ఉంటుంది.
రొయ్యల షెడ్డు, నీలం డ్రమ్ములు, ఐసు నీళ్ళు.
తల తుంచి, పెంకు ఒలిచి, నరం లాగి
కిలోకి ఇంతని లెక్క.
లెక్క రాసుకునేది మేస్త్రి.
ఆ పుస్తకంలో ఏముందో
ఒలిచేవాళ్ళెవరూ తెరిచి చూడలేదు.

ఏడున్నరకి నా దగ్గరికొస్తుంది.
నాది బడంటే బడి కాదు,
వలలు బాగుచేసే పాక పక్కన రేకుల గది.
కిటికీకి తలుపుల్లేవు.
పోర్టులో బొగ్గుపొడి రాత్రికి రాత్రి
బల్లలన్నిటి మీదా పరుచుకుంటుంది.
అప్పుడే తుడవకండర్రా అంటాను.
దాని మీదే చూపుడువేలితో ఒత్తులు దిద్దిస్తాను.
సుద్దముక్కల ఖర్చు తగ్గింది.
హాజరు పిలిస్తే మాత్రం
పేరుకి ముందు దగ్గు పలుకుతుంది.

మొదటి వారం ఒక తప్పు చేశాను.
అక్షరం వంకరపోయిందని పోలేశ్వరిని కోప్పడ్డాను.
అది ఏమీ అనలేదు, చెయ్యి చాపింది.
నాని, పాలిపోయి, కొసలు చీలిన వేళ్ళు.
పెన్సిలు నిలవట్లేదు.
అప్పట్నుంచి మా బడిలో మొదటి పాఠం
కొబ్బరినూనె సీసా చేతులు మారడం.

డిసెంబరులో, రేషను డిపో దగ్గర,
పోలేశ్వరి తల్లి దేముడమ్మ,
ఇరవైమూడేళ్ళు రొయ్యలొలిచిన మనిషి,
మిషను మీద బొటనవేలు పెట్టింది.
పడలేదు.
కొంగుకి తుడుచుకుని పెట్టింది. పడలేదు.
మూడోసారీ పడలేదు.
"నువ్వు నువ్వు కావంటోందే మిషను!"
డీలరు నవ్వాడు. లైను నవ్వింది.
అక్షరం రానివాళ్ళకి లోకం వదిలిన
ఒక్క సంతకం ఆ వేలు.
మనం రొయ్యల్ని తింటున్నామనుకుంటాం గానీ.

అప్పుడు గోడవైపు నుంచి ఒక గొంతు,
పెద్ద గొంతేం కాదు,
అంటించిన కాగితాన్ని కూడబలుక్కుంటోంది.
"వేలి... ముద్ర... పడని... వారికి...
ప్రత్యా..."
అక్కడ ఆగిపోయింది.
మకి నావొత్తు నేనింకా చెప్పలేదు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
వెనకెవరో బియ్యం సంచీ కింద పెట్టారు.
పోలేశ్వరి ఆ మాటని దాటేసి
తర్వాతి గీత మీద దిగింది.
"...కనుపాప... చూపించి... పొందవచ్చును."
"కన్ను సూపిస్తే సాలంట బాబూ, ఇక్కడ రాసుంది."
డీలరు బల్ల కింద తడిమి
ఒక పెట్టె తీశాడు, దుమ్ము ఊదాడు.
దేముడమ్మ అందులోకి చూసింది.
పోల్చింది పెట్టె.

తర్వాత అంతా బాగుపడిందని రాయను.
పోలేశ్వరి మేస్త్రిని పుస్తకం చూపించమంది.
నాలుగు రోజులు పనికి రావద్దన్నాడు.
ఆ నాలుగు రోజులూ నాకు నిద్రలేదు.
గంగవేణి బడి మానేసింది,
తమ్ముడు పుట్టాడట, ఎత్తుకునే మనిషి కావాలట.
మూడుసార్లు వెళ్ళాను.
"రేపంపుతాం లెండి మేడం."
సంచీ ఇంకా మా మేకుకే వేలాడుతోంది.
రిజిస్టరులో దాని పేరు
పెన్సిలుతో కొట్టేశాను, పెన్నుతో కాదు.

నిన్న సాయంత్రం గుమ్మంలో దేముడమ్మ.
చెప్పులు విడిచి, లోపలికి రాకుండా,
"మిషను నన్ను కంటితో పోల్సింది కదమ్మా.
ఈ కంటితో ఇంకేటైనా పనౌద్దేటి?"

కూతురు జరిగి చోటిచ్చింది.
ఏం చెయ్యాలో తెలీక దేముడమ్మ
అలవాటుగా
బొగ్గుపొడి మీద బొటనవేలు ఆనించింది.
గీతల్లేని గుండ్రటి మరక.
పోలేశ్వరి కాసేపు దాన్నే చూసి,
పక్కనే, ముందువైపు, 'అ' రాసింది.
"ఇది సున్నా అయిందమ్మా. చదువు."

"అం," అంది దేముడమ్మ,
చంటిదానికి ముద్ద పెడుతూ అన్నట్టు,
తన నోరే తెరిచి.